పట్టాభిరామ్ నుంచి పట్నంలో రెండు రోజులు



శుక్రవారం సాయంత్రం ఏడు గంటలప్పుడు పట్టాభిరామ్ స్టేషన్లో ఒకసారి నిలబడి చూడండి. సెంట్రల్ వైపు నుంచి వచ్చిన లోకల్ బండి ఆగుతుంది. దిగేవాళ్ళ భుజాన బ్యాగు, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా, మొహాన వారం రోజుల అలసట. ఎవరూ వచ్చిన దారివైపు తిరిగి చూడరు. నేనూ ఇరవై ఎనిమిదేళ్ళు అలాగే దిగినదాన్ని. పర్సులో సీజన్ టికెట్టు, ఏ పెట్టె ఎక్కితే సెంట్రల్లో గేటు దగ్గరగా దిగుతామో మనసులో లెక్క. ఉద్యోగం నుంచి రిటైరైన మర్నాడు కాఫీ తాగుతూ ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్ళలో పట్నానికి పనిమీద వెళ్ళాను, ఆసుపత్రికి వెళ్ళాను, పెళ్ళి బట్టలకు వెళ్ళాను. పట్నాన్ని చూడడానికి మాత్రం ఒక్కనాడూ వెళ్ళలేదు.

మన ఊళ్ళో నాలాంటివాళ్ళు చాలామంది. శని, ఆదివారాలు కలిసొస్తే తిరుపతి అంటాం, కంచి అంటాం, కాస్త డబ్బుంటే ఏలగిరి అంటాం. పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న చెన్నపట్నాన్ని విహారానికి వెళ్ళే చోటుగా లెక్కలో వేసుకోం. అది ఆఫీసు కదా, అక్కడేముంది అంటాం. ఉంది. మనం కన్నెత్తి చూడనిది చాలా ఉంది. అందులో మనవాళ్ళదే ఎంతో ఉంది.

మొదటిసారి మేం వెళ్ళినప్పుడు ఏం జరిగిందో చెబుతాను. నేను, మావారు, కొడుకు, కోడలు, తొమ్మిదేళ్ళ మనవడు, డెబ్భై ఎనిమిదేళ్ళ మా అత్తగారు, మొత్తం ఆరుగురం. కోడలు ఫోనులో చూసి పదకొండు చోట్ల పేర్లు రాసింది. పొద్దున్నే బయల్దేరి, రాత్రికి ఇల్లు చేరాలని ఏర్పాటు. మధ్యాహ్నం రెండయ్యేసరికి నాలుగు చోట్లు చూశాం అనిపించుకున్నాం. మే నెల ఎండ. అయిదో చోటు టీ.నగర్. అక్కడి జనంలో మనవడి చెయ్యి పట్టుకోవడంతోనే సరిపోయింది. మా అత్తగారు ఒక బట్టల కొట్టు మెట్లమీద కూలబడి, "ఇంగ నాకు కాదమ్మా, మీరు పోయిరాండి" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. తనవల్ల మా తిరుగుడు ఆగిపోతుందేమోనన్న భయం ఉంది. అది నాకు ఇప్పటికీ మరుపు రాదు. రాత్రి పదకొండుకి ఇల్లు చేరాం. మర్నాడు మనవణ్ణి ఏం చూశావురా అని అడిగితే, ఐస్‌క్రీం అన్నాడు.

రెండోసారి వెళ్ళేముందు నెల్లాళ్ళు ఆలోచించాను. ఈసారి చోట్లతో మొదలుపెట్టలేదు, మనుషులతో మొదలుపెట్టాను. మనలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళెవరు? వాళ్ళు ఆగకుండా ఎంతసేపు నడవగలరు? మధ్యాహ్నం నిద్ర ఎవరికి కావాలి? మాత్రలు ఎప్పుడు వేసుకోవాలి? పిల్లవాడికి ఆకలి ఎప్పుడేస్తుంది? ఈ జవాబులు కాగితంమీద రాసుకుంటే సగం ఏర్పాటు దానంతటదే తేలిపోయింది. మా అత్తగారు అరగంట నడుస్తారు, తరవాత కూర్చోవాలి. అంటే పూటకి ఒక్క చోటు. రెండు రోజులకి నాలుగైదు చోట్లు. మిగతావి వదిలేయాలి. వదిలేయడం కష్టంగానే ఉంటుంది, కానీ వదిలేస్తేనే చూసేది మిగులుతుంది.

రెండో నిర్ణయానికి మావారు ముందు ఒప్పుకోలేదు. రాత్రికి పట్నంలోనే పడుకుందాం అన్నాను. "పాతిక కిలోమీటర్లకి రూమెందుకు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ లెక్క వేసి చూడండి. ఇంటినుంచి స్టేషను, బండికోసం ఎదురుచూపు, ముప్పావుగంట పైన ప్రయాణం, మళ్ళీ అక్కణ్ణుంచి బస్సో మెట్రోనో. రెండు రోజులు పోయి రావడానికే ఆరేడు గంటలు కరిగిపోతాయి. పైగా పట్నానికి అందమైన వేళలు రెండే. తెల్లవారుజామున సముద్రం దగ్గర, పొద్దువాలిన తరవాత గుళ్ళ వీధుల్లో. ఇంటినుంచి పోయి వచ్చేవాళ్ళకి ఆ రెండూ దొరకవు, వాళ్ళకి దొరికేది మధ్యాహ్నపు ఎండే. అందుకని మిగతా ఖర్చు తగ్గించి రూముకి పెట్టాం. తిరువల్లిక్కేణిలో, సముద్రానికి నడిచిపోయే దూరంలో. ఒక్క జాగ్రత్త చెబుతాను. ఒక లాడ్జిలో ఫోనులో కింది అంతస్తు అని చెప్పి, తీరా వెళ్ళాక మూడో అంతస్తు చూపించారు, లిఫ్టు లేదు. పెద్దవాళ్ళుంటే ఇంట్లో ఒకరు ముందుగా వెళ్ళి గది కళ్ళతో చూసి రావడం మంచిది. మనకి ఎలాగూ దగ్గరే కదా.

నెల కూడా చూసుకోవాలి. మే వద్దు. అక్టోబరు, నవంబరుల్లో వాన ఎప్పుడు పట్టుకుంటుందో తెలియదు. డిసెంబరు మధ్యనుంచి ఫిబ్రవరి చివరిదాకా హాయి. బ్యాంకులో పనిచేసేవాళ్ళు ఇంట్లో ఉంటే రెండో శనివారమో నాలుగో శనివారమో చూసుకోవాలి. ఆదివారం లోకల్ బండ్లు తక్కువ నడుస్తాయి, వేరే టైంటేబుల్ ఉంటుంది. పట్టాల పని ఉంటే కొన్ని రద్దు చేస్తారు. తిరుగు ప్రయాణం బండి ఒకటి తప్పితే తరవాతది ఏదో ముందే రాసిపెట్టుకోండి.

శనివారం పొద్దున ఏడున్నరకి బయల్దేరాం. ఎదురుగా కూర్చున్న మనవడికి ఒక మాట చెప్పాను, మీరూ మీ పిల్లలకి చెప్పండి. మనం రోజూ ఎక్కే ఈ లైను దక్షిణ భారతంలోనే మొట్టమొదటి ప్రయాణికుల రైలుమార్గం. 1856 జూలై 1న రాయపురం నుంచి ఆర్కాటు దిక్కుగా వాలాజా రోడ్డు వరకు బండి నడిచింది ఈ దారినే. హిందూ కాలేజీ స్టేషను దాటుతుంటే ఆ కాలేజీ సంగతీ చెప్పాను. ధర్మమూర్తి రావుబహదూర్ కలవల కన్నన్ శెట్టి గారి పేరున ఉన్న కాలేజీ అది. పట్నంలో వ్యాపారం చేసి, సంపాదించింది చదువులకు పెట్టిన తెలుగు కుటుంబం వాళ్ళది. వాడు కిటికీలోంచి ఆ బోర్డు మొదటిసారి చదివాడు. అంతకుముందు వందసార్లు దాటాడు దాన్ని.

సెంట్రల్లో దిగగానే హడావిడిగా పరుగెత్తలేదు. బయటికి వచ్చి రిప్పన్ బిల్డింగు పక్కన ఉన్న ఎర్ర ఇటుకల భవనాన్ని చూశాం. విక్టోరియా పబ్లిక్ హాలు. దానికి 1883 డిసెంబరులో శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజా ఆనంద గజపతి రాజుగారు. 1891లో బళ్ళారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి నాటక సమాజం పట్నానికి వచ్చి ఈ హాల్లో తెలుగు నాటకాలు ఆడింది. అవి చూసిన ఒక తమిళ యువకుడు తమ భాషలోనూ ఇలాంటివి ఆడాలని పట్టుపట్టి సుగుణ విలాస సభ పెట్టాడు. ఆయనే తమిళ నాటకరంగానికి తండ్రిలాంటి పమ్మల్ సంబంధ ముదలియార్. ఈ ఊళ్ళో రెండు భాషలూ ఒకదాన్ని చూసి ఒకటి పెరిగాయి. మన పిల్లలు బళ్ళో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ రెంటి మధ్యా ఇబ్బంది పడుతుంటారు కదా, వాళ్ళకి ఇలాంటివి తెలియాలి.

సెంట్రల్ నుంచి ఎగ్మూరుకి మెట్రోలో ఒక్క స్టేషనే. లిఫ్టులున్నాయి కాబట్టి మా అత్తగారికి మెట్లబాధ లేదు. అక్కణ్ణుంచి ఆటోలో పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియం. 1851లో పెట్టిన మ్యూజియం అది. శుక్రవారం సెలవు, శని ఆదివారాలు తెరిచే ఉంటుంది. అయితే మరమ్మతుల కోసం ఒక్కో విభాగం మూసేస్తుంటారు, కనుక్కుని వెళ్ళండి. ఈ మ్యూజియం మొత్తం చూడాలనుకోకండి. తిమింగలం ఎముకలు, రాళ్ళు, కత్తులు, సీతాకోకచిలుకలు, ఒక్క పూటలో కావు. మేం రెంటికోసమే వెళ్ళాం.

మొదటిది అమరావతి శిల్పాలు. గుంటూరులో కమిషనరుగా ఉన్న వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి, దొరికిన రాళ్ళు మద్రాసుకి పంపించాడు. కొన్నేళ్ళు అవి ఎండకీ వానకీ బయటే పడి ఉన్నాయి. 1859లో వాటిలో చాలా భాగం ఓడమీద లండన్ చేరింది, ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. తరవాతి తవ్వకాల్లో వచ్చినవీ, అప్పుడు పోకుండా మిగిలినవీ ఇక్కడున్నాయి. కృష్ణ ఒడ్డున పుట్టిన రాళ్ళని చూడడానికి లండన్ పోనక్కర్లేదు, పట్టాభిరామ్ నుంచి గంటన్నర చాలు.

అందులో గుండ్రటి రాయి ఒకటుంది. దేవదత్తుడు బుద్ధుడిమీదికి ఉసిగొల్పిన నాలాగిరి ఏనుగు కథ. ఒకే రాతిమీద ఆ ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక పక్క మదమెక్కి వీధిలో పడి మనుషుల్ని తొక్కుతూ, తొండంతో ఒకణ్ణి ఎత్తి విసురుతూ. ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకాళ్ళు వంచి. పైన కిటికీల్లోంచి జనం తొంగిచూస్తున్నారు. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట ఎవరో శిల్పి వీధి గొడవని మేడమీంచి చూసే ఇరుగుపొరుగుని కూడా చెక్కాడు. మనవడు ఆ రాయి ముందు పావుగంట నిలబడ్డాడు. "అవ్వా, రెండు ఏనుగులు కాదు, ఒకటే" అని వాడే కనిపెట్టాడు. నేను చెప్పలేదు. చెప్పకపోవడం ఎంత మేలైందో అప్పుడు తెలిసింది.

రెండోది కంచు విగ్రహాల భవనం. అక్కడొక నటరాజు ఉన్నాడు. చుట్టూ ఉండాల్సిన జ్వాలల వలయం లేదు, ఎగిరే జటలు లేవు. ఎత్తిన పాదం, పరిచిన చేతులు, నిమ్మళంగా ఉన్న మొహం, అంతే. చోళుల నాటి పోత. పారిస్ శిల్పి రోదా ఈ విగ్రహం ఫోటోలు మాత్రమే చూసి, పరవశించి వ్యాసం రాశాడు. అది ఆయన పోయాక 1921లో అచ్చయింది. నేను ఇదంతా చదువుకుని వెళ్ళాను, మా వాళ్ళకి చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా కోడలు కింద ఉన్న పలక గట్టిగా చదివింది. తిరువాలంగాడు.

మా అత్తగారు కుర్చీలోంచి లేచారు. ఆవిడ పుట్టిల్లు తిరువాలంగాడుకి రెండు మైళ్ళు. మన లైన్లోనే, తిరువళ్ళూరు దాటాక, అరక్కోణానికి ముందు వచ్చే చిన్న స్టేషను. శివుడు కాళితో పోటీపడి ఆడిన చోటని, కారైక్కాల్ అమ్మయారు ముక్తి పొందిన చోటని అక్కడి గుడికి పేరు. నటరాజు అయిదు సభల్లో అది రత్నసభ. "మన ఆలంగాడు సామా?" అన్నారు ఆవిడ. అవును అత్తమ్మా, అన్నాను. చేతులు జోడించి చాలాసేపు అలా నిలబడిపోయారు. కాపలా ఉన్న మనిషి వచ్చి ఏమీ అనలేదు, పక్కకి జరిగి చోటిచ్చాడు. అరగంటకంటే ఎక్కువ నిలబడలేరని నేను లెక్కవేసిన మనిషి ఆ రోజు ఎంతసేపు నిలబడ్డారో నేను గడియారం చూడలేదు.

మధ్యాహ్నం భోజనం ఆంధ్రా మెస్సులో. పప్పు, గోంగూర, నెయ్యి, గడ్డపెరుగు. తరవాత గదికి చేరి నాలుగింటిదాకా పడుకున్నాం. ఈ నిద్రని దయచేసి ఎవరూ ఏర్పాట్లోంచి కొట్టేయకండి, సాయంత్రం దానిమీదే ఆధారపడి ఉంటుంది.

సాయంత్రం పార్థసారథి గుడి. మూలవిరాట్టుకి మీసాలుంటాయి, పిల్లలు మరిచిపోరు. అక్కణ్ణుంచి బీచి రోడ్డుకి నడుస్తూ ఐస్ హౌస్ ముందు ఆగాం. 1840లలో అమెరికానుంచి ఓడల్లో మంచుగడ్డలు తెచ్చి దాచిన భవనం అది. 1897లో వివేకానందులు అందులో బస చేశారు. మంచు ఓడలో కరగలేదా అని మనవడు అడిగాడు. రంపపు పొట్టులో పెట్టి తెచ్చేవాళ్ళని చెప్పాను. రాత్రికి ఇసుకలో కూర్చుని, కొబ్బరిముక్కలు, మామిడికాయ తురుము కలిపిన గుగ్గిళ్ళు తిన్నాం.

ఆదివారం అయిదున్నరకి లేచి మళ్ళీ సముద్రం. చీకటి ఇంకా పోలేదు. పడవలు ఒడ్డుకి వస్తున్నాయి. నీళ్ళలోంచి సూర్యుడు వచ్చేదాకా మా ఆరుగురిలో ఒక్కరూ మాట్లాడలేదు. రూము డబ్బు దండగ అన్న మావారు, "దీనికే ఇచ్చుకోవచ్చు" అన్నారు.

తరవాత మైలాపూరు. కపాలీశ్వరుని కోనేటి చుట్టూ తిరిగి, టిఫిను తిని, లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో కూర్చున్నాం. అమృతాంజనం కనిపెట్టి, ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున ఉన్న పార్కు. 1914 నుంచి ఆ పత్రిక పట్నంలో దినపత్రికగా వచ్చింది. నీడ బాగుంటుంది, బెంచీలున్నాయి, పెద్దవాళ్ళకి అంతకంటే ఏం కావాలి. డిసెంబరులో వెళితే మైలాపూరు చుట్టూ ఏ సభకి వెళ్ళినా పొద్దుటినుంచీ కచేరీలు. పగటిపూట చాలావాటికి టికెట్టు లేదు. పాడేది తమిళులు, వినేది తమిళులు, పాట త్యాగయ్యగారి తెలుగు. ఒక గంట అలా కూర్చుని చూడండి, మన భాషమీద ఇంకొకరి ప్రేమ ఎలా ఉంటుందో తెలుస్తుంది.

అక్కణ్ణుంచి రాయపేట హైరోడ్డు. ఆ వీధిలో, బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో, పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15 రాత్రి అక్కడే ప్రాణం వదిలారు. 58 రోజులు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఇప్పుడక్కడ ఆయన స్మారక భవనం ఉంది. అప్పటికి మా అత్తగారికి అయిదేళ్ళు. ఆవిడ బడికి వెళ్ళిన తిరుత్తణి తాలూకా ఆనాడు చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న, రెండు రాష్ట్రాల సరిహద్దుమీద పటాస్కర్ గారి తీర్పు ప్రకారం, మద్రాసు రాష్ట్రంలో కలిసింది. పుట్టింటి గడప కదలకుండానే ఆవిడ మద్రాసు నుంచి ఆంధ్రకీ, ఆంధ్రనుంచి ఆంధ్రప్రదేశ్‌కీ, తిరిగి మద్రాసుకీ, 1969లో తమిళనాడుకీ వచ్చారు. బళ్ళో తెలుగు వాచకం తీసేసి తమిళ వాచకం ఇచ్చిన ఏడాది సంగతి ఆ గోడ పక్కన నిలబడి చెప్పారు. నలభై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆ మాట అంతకుముందు నాకెప్పుడూ చెప్పలేదు.

ఇంకో చోటు చూడడానికి టైముంది, కోడలు అడిగింది కూడా. వద్దన్నాను. తిరుమయిలై స్టేషను నుంచి పార్క్ టౌన్, అక్కణ్ణుంచి మూర్ మార్కెట్ వైపు నడిచి, మధ్యాహ్నం మూడింటికల్లా మన లోకల్లో కూర్చున్నాం. సోమవారం పొద్దున్నే పనికి పోయేవాళ్ళకి ఆదివారం సాయంత్రం ఇంట్లో ఉండాలి. బట్టలు ఉతుక్కోవాలి, పిల్లవాడి బ్యాగు సర్దాలి.

పట్టాభిరామ్ వస్తోందని లేచి సంచులు తీసుకుంటుంటే మా అత్తగారు మాత్రం కదలలేదు. "ఈ బండి ఆలంగాడు దాకా పోతుందా?" అని అడిగారు. అరక్కోణం బండి, పోతుంది అన్నాను. దిగమ్మా దిగమ్మా అని వెనకవాళ్ళు తొందరపెడుతుంటే లేచి దిగారు. పుట్టింటివాళ్ళెవరూ అక్కడ మిగల్లేదని ఇరవై ఏళ్ళుగా ఆవిడ ఆ వైపు వెళ్ళలేదు.

మూడు వారాల తరవాత శనివారం పొద్దున మళ్ళీ స్టేషనుకి వెళ్ళాం. ఈసారి ఎదుటి ప్లాట్‌ఫారానికి. ఆవిడ చేతిసంచిలో టెంకాయ, ఆకు వక్క, సగం మడిచిన మ్యూజియం టికెట్టు.